కామిక్స్‌లో ఆఖరి ఇష్యూ: నన్ను అందరూ అడిగేవి, అసలు సంగతులు

పాత కామిక్స్ కొనడం, చూసి గ్రేడ్ (కాపీ ఎంత బాగుందో పదికి ఇన్ని అని మార్కు) చెప్పడం, అమ్మడం నా పని. ఏదైనా పెద్ద సూపర్‌హీరో సిరీస్ అయిపోతోందని అనౌన్స్ చేస్తే చాలు మెసేజ్‌లు మొదలు, "అన్నా ఆఖరిది పది కాపీలు పక్కన పెట్టు, రేపు బంగారం అవుతుంది" అని. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒక్కచోట రాసేస్తున్నా.

అపోహ: ఆఖరి ఇష్యూ కాబట్టి రేటు పెరిగి తీరుతుంది.

వాస్తవం: అందరూ దాచుకున్నది అరుదెలా అవుతుంది చెప్పండి. 2012 డిసెంబర్‌లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 700 వచ్చింది, 7.99 డాలర్ల ధర, పీటర్ పార్కర్, అంటే స్పైడర్‌మ్యాన్, పోతున్నాడని ముందే లీకైపోయింది, ఇంకేముంది జనం ఎగబడి కొని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వెనక అట్ట కూడా పెట్టి మరీ దాచారు. 2014 ఏప్రిల్‌కల్లా అదే పేరుతో మళ్ళీ 1వ నంబర్ వచ్చేసింది, పీటర్ కూడా వచ్చేశాడు. ఇప్పుడు 700 మామూలు కవర్ కాపీ ఎవరైనా తెస్తే నేను పెద్దగా ఎగిరి గంతేయను.

ఇక 1992 నవంబర్‌లో వచ్చిన సూపర్‌మ్యాన్ 75, అదే నల్ల ప్లాస్టిక్ కవర్లో వచ్చిన చావు కథ, అది ఆఖరి ఇష్యూ అని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. కాదు బాబూ, 76 ఉంది, 77 ఉంది. లక్షలకి లక్షలు అచ్చేశారు, కవర్ చింపని కాపీలు ఇంకా పెట్టెలకి పెట్టెలు బయటికి వస్తూనే ఉన్నాయి.

కాపీలు తక్కువుండేది సప్పుడు చెయ్యకుండా ఆగిపోయిన సిరీస్‌లకి. అమెరికాలో కామిక్ షాపులు రెండు మూడు నెలల ముందే ఆర్డర్ పెడతాయి, మిగిలిపోతే చాలావరకు వాపసు ఉండదు, అందుకని అమ్ముడుపోని సిరీస్‌కి షాపువాడు నెలనెలా ఆర్డర్ కోసుకుంటూ వస్తాడు, ఆఖరికొచ్చేసరికి రెగ్యులర్‌గా కొనేవాళ్ళకి సరిపడా మాత్రమే తెప్పిస్తాడు. అలాంటివి ఇరవై ఏళ్ళ తర్వాత సెట్ పూర్తి చేసుకునేవాళ్ళకి చుక్కలు చూపిస్తాయి.

అపోహ: అయితే ఆఖరి ఇష్యూలకి విలువే లేదన్నమాట.

వాస్తవం: అదీ కాదు. స్పైడర్‌మ్యాన్ మొట్టమొదట కనిపించిందే ఒక ఆఖరి ఇష్యూలో! అమేజింగ్ ఫ్యాంటసీ 15, 1962 ఆగస్ట్ తేదీతో వచ్చింది, ఆ పత్రిక దాంతోనే మూతపడింది. 2021 సెప్టెంబర్‌లో 9.6 గ్రేడ్ కాపీ ఒకటి వేలంలో 36 లక్షల డాలర్లకి పోయింది. ఎలాగూ మూసేసే పత్రికే కదా అని ధైర్యం చేసి వేశారు అనే కథ అందరూ చెప్తారు గానీ, ఆ ఇష్యూలోనే ఎడిటర్ నోట్ చూడండి, రాబోయే ఇష్యూల్లో కూడా స్పైడర్‌మ్యాన్ ఉంటాడని మాటిచ్చారు. మూసేస్తున్నామని తెలిసినవాళ్ళు రాసే మాటలా అది? ఏదేమైనా ఆ రేటు మొదటిసారి కనిపించినందుకు, ఆఖరిది అయినందుకు కాదు.

అపోహ: సేల్స్ పడిపోతేనే ఆపేస్తారు.

వాస్తవం: ఇన్విన్సిబుల్ 2003లో మొదలై 2018 ఫిబ్రవరిలో 144తో అయిపోయింది, దాని రచయిత రాబర్ట్ కర్క్‌మన్ తనే కథ ముగించి, ముందే చెప్పి మరీ ఆపాడు. 2021లో యానిమేషన్ షో వచ్చాక జనం ఎగబడింది మాత్రం 1వ ఇష్యూ కోసం. ఇంకోవైపు ఫాసెట్ అనే పాత కామిక్స్ కంపెనీ వాళ్ళ మార్వెల్ ఫ్యామిలీ 89తో, 1954 జనవరి తేదీతో ఆగింది, దాని వెనక సూపర్‌మ్యాన్‌ని కాపీ కొట్టారని ఏళ్ళ తరబడి నడిచిన కోర్టు కేసు ఉంది. సేల్స్ కూడా తగ్గాయి, కాదనను.

అపోహ: ఆఖరిది అంటే ఆఖరిదే.

వాస్తవం: ఇక్కడే నాకు నవ్వొస్తుంది. ఎక్స్‌మెన్ 66తో 1970లో కొత్త కథలు ఆగిపోయాయి, కొన్నాళ్ళకి 67 నుంచి 93 దాకా పాత కథలే మళ్ళీ అచ్చేశారు, 1975లో 94తో కొత్తవి మొదలయ్యాయి, తర్వాత సంగతి మీకు తెలుసు. 1986లో సూపర్‌మ్యాన్ 423లో రచయిత అలన్ మూర్ వీడ్కోలు కథ రాశాడు, కొన్ని నెలలకే అదే నంబరింగ్ 424 నుంచి అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్ అని పేరు మార్చుకుని నడిచింది, సూపర్‌మ్యాన్ పేరుతో వేరే 1వ నంబర్ కూడా వచ్చింది.

2011లో సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్ళు అన్నీ 1 నుంచి మొదలెట్టినప్పుడు యాక్షన్ కామిక్స్ 904 దగ్గర, డిటెక్టివ్ కామిక్స్ 881 దగ్గర ఆగాయి. 2016లో పాత నంబర్లకి తిరిగొచ్చారు, ఎలాగంటే మధ్యలో వచ్చిన 52 ఇష్యూలు కూడేసి యాక్షన్‌ని 957 నుంచి, డిటెక్టివ్‌ని 934 నుంచి లెక్కేశారు. 905 నుంచి 956 దాకా కావాలని నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు. ఆ నంబర్లు కవర్ మీద వేసిన పుస్తకాలు లేవు సార్, 1 నుంచి 52 కొనుక్కోండి.

అపోహ: కవర్ మీద నెలే రిలీజ్ నెల.

వాస్తవం: కాదు. సాధారణంగా రెండు నెలలు ముందుకి వేస్తారు. సూపర్‌మ్యాన్ 75 మీద 1993 జనవరి అని ఉంటుంది, వచ్చింది నవంబర్‌లో.

కొనేటప్పుడు కవర్ ఒక్కటే చూసి మోసపోకండి. లోపలి పేజీల్లో ఎక్కడో అడుగున చీమల్లా అక్షరాలుంటాయి, సెకండ్ ప్రింటింగ్ (తర్వాత మళ్ళీ అచ్చేసింది) అయితే అక్కడ రాసి ఉంటుంది. పుస్తకం అట్ట నల్లదైతే మడత దగ్గర లైటుకింద వంచి చూడండి, రంగు లేచిపోయిన తెల్ల గీతలు కనిపిస్తాయి, వాటిని కొంతమంది మార్కర్ పెన్నుతో కప్పేస్తారు, లోపలివైపు తిప్పితే మడత దగ్గర సిరా దిగిన మచ్చ దొరుకుతుంది. ఒకవేళ సెట్ కొంటుంటే ఆఖరిదాని ముందరి రెండు మూడు ఇష్యూలు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి, ఆఖరిది చాలామంది కొంటారు గానీ వాటిని పట్టించుకునేవాళ్ళు తక్కువ, సగం సెట్లు ఆగేది అక్కడే.