పులికాట్ అపోహలు - వాస్తవాలు: "మోకాల్లోతు నీళ్ళే గదా!"

చలికాలం మొదలైతే చాలు, నెల్లూరు, కావలి, ఒంగోలు కార్లన్నీ సూళ్ళూరుపేట దారి పడతాయి. ఫ్లెమింగోలు, పులికాట్ సరస్సులో పడవ షికారు, ఇరకం దీవి. (2022లో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాకి పోయింది గానీ నెల్లూరోళ్ళకి అది ఇప్పటికీ మన పులికాటే.) పడవ ఎక్కే ముందు గుంపులో ఎవరో ఒకరు అడిగే మాట ఒకటుంది: "ఏందన్నా, మోకాల్లోతు నీళ్ళకి లైఫ్ జాకెట్ ఎందుకు?" ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: లోతు లేదు గాబట్టి ప్రమాదం లేదు

లోతు తక్కువన్న మాట నిజమే. సరస్సులో చాలా చోట్ల మీటరు అటూ ఇటూనే. చిక్కంతా అడుగున ఉంది. అక్కడుండేది ఇసుక కాదు, మెత్తటి ఒండ్రు బురద. పడవలోంచి జారిన మనిషి చేసే మొదటి పని కాళ్ళు నేలకి ఆనించి నిలబడటం. పిక్కల దాకా దిగిపోతాడు. కంగారుగా ఒక కాలు లాగితే బరువంతా రెండో కాలి మీద పడి అది ఇంకా దిగుతుంది. కాలి చుట్టూ బురద అతుక్కుపోయి గాలికీ నీటికీ సందు ఇవ్వదు, అందుకే ఎంత లాగినా రాదు. ఆ పెనుగులాటలో ముందుకు పడ్డాడంటే ముఖం నీళ్ళలో ఉంటుంది. మునగడానికి నడుము లోతు చాలు. ఈత వచ్చినవాడికీ అంతే, కాళ్ళు ఇరుక్కున్నాక ఈత ఏం చేస్తుంది?

అట్లా ఇరుక్కుంటే వెనక్కి వాలి, వీపు నీటి మీద ఆనించి, చేతులు బార్లా చాపాలి. అప్పుడు కాళ్ళ మీద బరువు తగ్గుతుంది. తర్వాత ఒక్కో కాలినీ చిన్నగా అటూ ఇటూ కదిలిస్తూ పక్కనుంచి నీళ్ళు లోపలికి పోనివ్వాలి. పట్టు వదిలాకే పైకి తీయాలి. పడవలో ఉన్నవాళ్ళు చేతులు పట్టి గుంజకూడదు, వాళ్ళూ పడతారు. గెడకర్రని నీటి మీద అడ్డంగా అందిస్తే దాని మీద వాలతాడు.

పడవ తిరగబడేది అలల వల్లే కాదు, ఫొటోల వల్ల కూడా. పక్షులు లేచాయని అందరూ ఒకే పక్కకి లేచి నిలబడతారు. బరువు పైకీ, ఒక పక్కకీ పోయిందంటే చిన్న పడవ తట్టుకోలేదు. ఫొటో అయినా వీడియో అయినా కూర్చునే తీయాలి. ఒకరు లేవాలంటే మిగతావాళ్ళు కూర్చునే ఉండాలి.

ఇక జాకెట్. మెడలో తగిలించుకుని బకిల్స్ వదిలేస్తే వేసుకోనట్టే, నీళ్ళలో పడగానే అది తల మీదికి వచ్చేస్తుంది. అన్ని బకిల్సూ పెట్టి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర ఇంకొకరిని పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చిందా, వదులుగా ఉన్నట్టు. పిల్లలకి పెద్దవాళ్ళ జాకెట్ పనికిరాదు, కాళ్ళ మధ్య పట్టీ ఉన్న చిన్న సైజే కావాలి. మెత్తగా ఉందని దాన్ని కింద వేసుకుని కూర్చోవద్దు, లోపలి ఫోమ్ నలిగి తేలే గుణం తగ్గిపోతుంది. సరిపడా జాకెట్లు లేకపోతే పడవ ఎక్కకండి. మొహమాటం అక్కర్లేదు.

ఉదయం ఆరింటికి బయల్దేరి పదికల్లా రేవుకి రావడం మేలు. ఎండ ముదిరాక సముద్రపు గాలి లేస్తుంది. వెడల్పైన సరస్సు, గాలికి అడ్డు లేదు. లోతు తక్కువ గాబట్టి అలలు చిన్నవే అయినా వెంటవెంటనే, నిటారుగా కొడతాయి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజు పడవ మాటే వద్దు.

అపోహ: ఎండాకాలం నేల గట్టిపడుతుంది, బండి పోనివ్వొచ్చు

నీళ్ళు తీశాక తెల్లటి ఉప్పు పొర మైదానంలా కనిపిస్తుంది. పైన బెత్తెడు ఎండి ఉంటుంది, కింద అదే బురద. కారు దిగబడితే జాకీ కూడా దిగిపోతుంది. ట్రాక్టర్ వచ్చి తాడు కట్టి లాగాల్సిందే. రోడ్డు దిగకండి.

అపోహ: వానలు బాగా పడితే పక్షులు బాగా వస్తాయి

ఫ్లెమింగో నిలబడి, ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి వడగట్టుకుని తింటుంది. నీళ్ళు దాని కాళ్ళకి అందే లోతులో ఉండాలి. సరస్సు నిండుగా ఉన్న ఏడాది అవి లోతు తక్కువ అంచులు వెతుక్కుంటూ చెదిరిపోతాయి. కాస్త తీశాక గుంపులు కడతాయి. ఫ్లెమింగో పండగ రోజుల్లోనే రావాలని లేదు, పక్షులు అక్టోబరు, నవంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. జనం లేని మామూలు రోజునే బాగా చూడొచ్చు.

నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోయి "ఒక్క ఫ్లెమింగో లేదు" అని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు. అక్కడ చూడాల్సింది గూడబాతులు (పెలికన్లు). నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు పెట్టి, పులికాట్ నుంచి చేపలు తెచ్చి పిల్లలకి పెడతాయి. ఫ్లెమింగోలకైతే సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీదుగా శ్రీహరికోట పోయే పులికాట్ రోడ్డే.

హారన్ కొట్టి, రాయి వేసి లేపితే వీడియో బాగుంటుందన్నది పాడు అలవాటు. తిండి మానుకుని ఎగిరిన పక్షికి అది నష్టమే. కనీసం 150 మీటర్ల దూరం ఉండండి. 8x42 బైనాక్యులర్ ఉంటే సరిపోతుంది.

చకచకా మరికొన్ని

శ్రీహరికోట దీవి మీద సముద్రం ఒడ్డున తిరగొచ్చా? కుదరదు, అది షార్ (ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం) ఆవరణ, అనుమతి కావాలి. రాకెట్ చూసే గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి. పక్షుల అభయారణ్యం, పక్కనే షార్, రెండూ నిషేధమే.

దీవిలో మంచినీళ్ళు దొరుకుతాయన్న ధీమా వద్దు. మనిషికి రెండు లీటర్లు పట్టుకెళ్ళండి. చెప్పులు బురదలో ఉండిపోతాయి, ఆల్చిప్పలు అరికాలు కోస్తాయి. కాలికి పట్టి ఉండే పాత కాన్వాస్ బూట్లు మంచివి. కోసుకుంటే మంచినీటితో బాగా కడిగి, ఆ రోజే డాక్టరుకి చూపించి టీటీ వేయించుకోండి.

ఫొటోల సంగతి. పులికాట్ రోడ్డు దాదాపు తూర్పు పడమరగా పోతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం పక్కనే. రోడ్డుకి ఉత్తరాన ఉన్న గుంపుని తీయండి, రెక్క విప్పినప్పుడు ఎరుపు కనిపిస్తుంది. దక్షిణం వైపు తీస్తే నల్లటి నీడలే వస్తాయి.