ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదా? అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, ఇమ్యూనిటీ పెరగడానికి ఏదైనా టానిక్ రాయండి." ఈ మాట వినకుండా నా ఓపీ ముగియదు. పిల్లలకు మాటిమాటికీ జలుబు చేస్తోందన్న దిగులుతో అడిగేవాళ్లే ఎక్కువ. అందుకే మొదట దీని గురించే కాస్త వివరంగా చెబుతాను.

అపోహ: నిరోధక శక్తి ఎంత ఎక్కువుంటే అంత మేలు.

వాస్తవం: అది ఒకే కొలతతో పెరిగి తరిగేది కాదు. చర్మం, ముక్కులోని జిగురు, కడుపులోని ఆమ్లం మొదటి అడ్డు. వాటిని దాటి వచ్చిన క్రిముల్ని న్యూట్రోఫిల్స్ లాంటి తెల్ల రక్తకణాలు మింగేస్తాయి. ఈలోగా బీ, టీ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల్లో సరిగ్గా ఆ క్రిమిని గుర్తుపట్టేవి వేలల్లో, లక్షల్లో పెరుగుతాయి. ఇది జరిగేది లింఫ్ గ్రంథుల్లో; గొంతు నొప్పప్పుడు మెడ దగ్గర బిళ్లలు కట్టేది అందుకే. క్రిమి కొత్తదైతే ఈ పనికి వారం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఇందులో ఏది అదుపు తప్పినా అదే జబ్బవుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీళ్లను, టైప్ 1 డయాబెటిస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసేది మన రక్షణ వ్యవస్థే. 2020లో కోవిడ్ తీవ్రమై ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లలో మరణాలను తగ్గించిన మందు డెక్సామెథసోన్. అది ఇమ్యూనిటీని పెంచే మందు కాదు, అణిచే మందు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల లాభం కనిపించలేదు.

మరి టానిక్‌లు? ప్రొటీన్, జింక్, విటమిన్ ఎ లాంటివి లోపిస్తే భర్తీ చేయాలి, తప్పదు. లోపం లేనివాళ్లు అదనంగా మింగితే అదనపు రక్షణ రాదు. ఇక చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే. బరువు పెరుగుతూ, మధ్యలో హుషారుగా ఆడుకుంటుంటే టెన్షన్ వద్దు.

అపోహ: జ్వరం క్రిమి చేసే హాని, వెంటనే దించేయాలి.

వాస్తవం: జ్వరం తెచ్చేది మన శరీరమే. క్రిమిని పసిగట్టిన కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రసాయనాలు వదులుతాయి. వాటివల్ల తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్, ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించే మెదడు భాగమైన హైపోథాలమస్‌లో ఆ హద్దును పైకి జరుపుతుంది. ఇక అప్పటిదాకా సరిపోయిన వేడి మెదడుకు చాలదనిపిస్తుంది. ముందు చలి, వణుకు వచ్చి, ఆ తర్వాత ఒళ్లు కాలేది అందుకే. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తుందే తప్ప క్రిమి జోలికి పోదు. ఒళ్లు నొప్పులు, నలత ఉంటే వేసుకోండి. థర్మామీటర్‌లో అంకె కోసమే వేయక్కర్లేదు. కానీ మూడు నెలలలోపు పసిబిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే ఇంట్లో ఆగకండి. ఆయాసం, ఫిట్స్, మగత ఉంటే ఏ వయసువాళ్లయినా అంతే.

అపోహ: కఫం పచ్చబడితే యాంటీబయాటిక్ వాడాల్సిందే.

వాస్తవం: ఆ రంగు న్యూట్రోఫిల్స్‌ది. ఎముక మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. క్రిముల్ని చంపడానికి అవి వాడే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆకుపచ్చగా ఉంటుంది. వైరస్ జలుబులోనూ ఈ రంగు వస్తుంది, వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు.

అపోహ: టీకా కంటే జబ్బు వచ్చి పోవడమే గట్టి రక్షణ.

వాస్తవం: తట్టు (మీజిల్స్) సంగతి చూడండి. 1846లో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగినప్పుడు, 1781లో ఒకసారి వచ్చి తగ్గిన వృద్ధులకు మళ్లీ సోకలేదు. వాళ్ల రక్షణ వ్యవస్థకు ఆ క్రిమి 65 ఏళ్లు జ్ఞాపకం ఉంది! ఇంతవరకూ నిజమే. కానీ తట్టు వైరస్, పాత క్రిముల జ్ఞాపకాన్ని మోసే బీ, టీ కణాల్లోకే చొరబడి, వేరే జబ్బులపై అంతకుముందే సంపాదించుకున్న రక్షణను చెరిపేస్తుంది. దద్దుర్లు మానిన తర్వాత కూడా ఆ పిల్లలకు న్యుమోనియా, విరేచనాల ముప్పు చాలాకాలం వెంటాడుతుంది. టీకాలోని బలహీనపరచిన వైరస్ తట్టును గుర్తుంచుకోవడం నేర్పుతుంది, పాత జ్ఞాపకాల జోలికి పోదు.