అమెరికాలో వియ్యానికి పార్టీ ఎప్పుడు అడ్డొచ్చింది?

మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీ వారిని పెళ్లి చేసుకుంటే మీకు బాధగా ఉంటుందా? 1960లో ఒక సర్వే అమెరికన్లను ఈ ప్రశ్న అడిగింది. ఉంటుందన్నవారు రిపబ్లికన్లలో 5 శాతం, డెమొక్రాట్లలో 4 శాతం. 2010లో అలాంటి ప్రశ్నే మళ్లీ అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడోవంతు మంది తమకు నచ్చదన్నారు. పెళ్లి సంబంధం అనగానే ముందు కులం అడిగే సమాజం నుంచి చూసే మనకు ఈ మార్పు ఎంత లోతైనదో వేరే చెప్పనక్కరలేదు. అమెరికా నిలువునా చీలిపోయిందని వాదించేవారు తరచూ చూపే లెక్క ఇది.

అయితే దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. తెల్లవారికీ నల్లవారికీ మధ్య జరిగే పెళ్లిళ్లను సమ్మతిస్తారా అని 1958లో గాలప్ సంస్థ అడిగినప్పుడు ఔనన్నవారు 4 శాతం. 2021 నాటికి వారు 94 శాతం అయ్యారు. వియ్యానికి పార్టీ అడ్డురాని ఆ రోజుల్లోనే చాలా రాష్ట్రాల్లో జాతి దాటిన పెళ్లి నేరం. 1967లో సుప్రీంకోర్టు కొట్టివేసే నాటికి కూడా అలాంటి చట్టాలు 16 రాష్ట్రాల్లో మిగిలే ఉన్నాయి.

అమెరికా రాజకీయాల స్వభావం ఏకాభిప్రాయమా, విభజనా అన్న చర్చ చాలా పాతది. ఈ రెండు లెక్కలనూ కలిపి చదివితేనే అందులోని అసలు సంగతి అర్థమవుతుంది. అందరూ ఒక్కమాట మీద ఉన్నారని ఆ దేశం చెప్పుకునే కాలాలను తరచి చూడండి. దాదాపు ప్రతిసారీ ఒక ప్రశ్నను సభలోకి రానివ్వకుండా గుమ్మం బయటే నిలబెట్టారు. అది నల్లజాతి ప్రజల ప్రశ్న.

నిజానికి తొలి తరం నాయకులు పార్టీలే వద్దనుకున్నారు. పదవి వీడుతూ 1796లో ప్రకటించిన సందేశంలో జార్జ్ వాషింగ్టన్ పార్టీ కక్షల గురించి గట్టిగా హెచ్చరించారు. నాలుగేళ్లకే 1800 అధ్యక్ష ఎన్నిక వచ్చింది. థామస్ జెఫర్సన్‌కూ, ఆయన పార్టీకే చెందిన ఆరన్ బర్‌కూ ఓట్లు సమానంగా రావడంతో ప్రతినిధుల సభ 36 సార్లు ఓటు వేస్తే గానీ జెఫర్సనే అధ్యక్షుడని తేలలేదు. ఓడిపోయిన అధ్యక్షుడు, ఫెడరలిస్టు పార్టీకి చెందిన జాన్ ఆడమ్స్ కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం చూడకుండా తెల్లవారకముందే రాజధాని విడిచి వెళ్లిపోయారు. ఆ రోజే జెఫర్సన్ “మనమందరం రిపబ్లికన్లమే, మనమందరం ఫెడరలిస్టులమే” అన్నారు. (ఆ రిపబ్లికన్లు వేరు, నేటి రిపబ్లికన్ పార్టీ వేరు.)

1820 అధ్యక్ష ఎన్నికలో జేమ్స్ మన్రో ఒక్కటి తప్ప ఎలక్టోరల్ ఓట్లన్నీ (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల ఓట్లు) గెలుచుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఆ కాలాన్ని సద్భావనల యుగం అంటాయి. బానిసత్వాన్ని మిస్సోరిలో ఉండనిచ్చి, దానికి బదులు మేన్‌ను బానిసత్వం లేని స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకునే రాజీ కుదిరిందీ ఆ ఏడాదే. ఆ తర్వాత 1836 నుంచి 1844 దాకా, బానిసత్వాన్ని రద్దు చేయాలంటూ వచ్చిన అర్జీలను చర్చే లేకుండా పక్కన పడేయాలని ప్రతినిధుల సభ నిబంధన పెట్టుకుంది. పూర్వ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ముదిమి వయసులో సాధారణ సభ్యుడిగా దాని మీద పట్టు విడవకుండా పోరాడారు. నోరు నొక్కితే ప్రశ్న చావలేదు. 1856లో బానిసత్వాన్ని ఖండించిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను సెనేట్ సభామందిరంలోనే దక్షిణాది సభ్యుడొకరు చేతికర్రతో నెత్తురోడేలా కొట్టారు. అయిదేళ్లకు అంతర్యుద్ధం మొదలైంది. అందులో 6 లక్షల మందికి పైగా చనిపోయారు.

ఆ యుద్ధంలో కూడా ఇరుపక్షాలూ ఒకే వారసత్వం కోసం కొట్లాడుకోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. విడిపోయిన దక్షిణాది తన రాజముద్ర మీద గుర్రమెక్కిన వాషింగ్టన్‌నే వేయించుకుంది. 1787 నాటి రాజ్యాంగాన్ని చాలావరకు యథాతథంగా దించుకుని, బానిసత్వానికి పేరుపెట్టి మరీ రక్షణ రాసుకుంది. ఇరుపక్షాలూ ఒకే బైబిలు చదువుతున్నాయనీ, ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తున్నాయనీ 1865లో లింకన్ అన్నది ఈ గుణాన్ని గుర్తించే. స్వేచ్ఛ, ఆస్తి హక్కు, రాజ్యాంగం విషయంలో అమెరికన్లందరిదీ మొదటి నుంచీ ఒకే మాట అని 1950ల చరిత్రకారులు కొందరు వాదించారు. వారు చూసింది నిజమే, కానీ అది సగమే.

యుద్ధం తర్వాతి సయోధ్య మరీ బాధాకరం. రిపబ్లికన్ హేయ్స్‌కు 185, డెమొక్రాట్ టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లతో ముగిసిన అధ్యక్ష ఎన్నిక వివాదం 1877లో సద్దుమణిగాక, దక్షిణాదిలో నల్లవారికి అండగా నిలిచిన కేంద్ర సైన్యం వెనక్కి వెళ్లింది. ఉత్తర, దక్షిణాల తెల్లవారు చేతులు కలిపారు. నల్లవారు మాత్రం క్రమంగా ఓటు పోగొట్టుకుని, 1965 దాకా దాని కోసం ఎదురుచూశారు.

1950లో అమెరికా రాజకీయ శాస్త్రవేత్తల సంఘం వేసిన కమిటీ ఏమని ఫిర్యాదు చేసిందో తెలుసా? రెండు పార్టీల మధ్య తగినంత తేడా లేదని! ఉత్తరాది కార్మిక సంఘాల వారూ, దక్షిణాది జాతి వివక్ష సమర్థకులూ ఒకే డెమొక్రటిక్ పార్టీలో సర్దుకుని ఉన్న కాలమది. జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం ఆ సర్దుబాటును బద్దలు కొట్టింది. సెనేట్ 73-27తో దాన్ని ఆమోదించినప్పుడు రిపబ్లికన్ల మద్దతే దామాషాలో ఎక్కువ. మరుసటి ఏడాది వలస చట్టం కూడా రెండు పార్టీల ఓట్లతోనే గట్టెక్కింది. తెలుగు డాక్టర్లకూ ఇంజనీర్లకూ అమెరికా తలుపు తెరిచింది ఆ చట్టమే. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో దక్షిణాది తెల్ల ఓటర్లు రిపబ్లికన్ల వైపు, నల్లవారు డెమొక్రాట్ల వైపు స్థిరపడ్డారు. జాతి, మతం, ఊరు, చదువు అన్నీ ఒకే గీత వెంబడి పేరుకున్నాయి.

సుప్రీంకోర్టు నియామకాలు చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది. సెనేట్ ఆంటొనిన్ స్కాలియాను 1986లో 98-0తో, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌ను 1993లో 96-3తో ఆమోదించింది. 2018లో బ్రెట్ కావనా నెగ్గింది 50-48తో.

గుమ్మం బయటి ప్రశ్న లోపలికి వచ్చినందుకు పడుతున్న గొడవను నేను దిగజారుడుగా చూడలేను. నన్ను భయపెట్టేది వేరు. 1801లో ఆడమ్స్ చేదు మింగుకునే వెళ్లినా, అధికారం అప్పగించి వెళ్లారు. 2021 జనవరి 6న అధ్యక్ష ఎన్నిక ఓట్ల లెక్కింపును ఆపడానికి ఒక గుంపు పార్లమెంటు భవనంలోకి చొరబడింది. ఆ రాత్రి సభలు తిరిగి కూర్చున్నాక కూడా, ఏదో ఒక రాష్ట్ర ఫలితాన్ని ఒప్పుకోబోమని 147 మంది సభ్యులు ఓటు వేశారు.