సెల్యూట్ కొట్టలేదంటే ముందు పోలీసులున్నట్టే: రాడార్ డిటెక్టర్ల వెనుక కథ

నాగార్జునసాగర్ రోడ్డు మీద ఎదురొచ్చే లారీ పట్టపగలు రెండుసార్లు లైటు కొట్టిందంటే వేరే చెప్పక్కర్లేదు, కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. కిలోమీటరు దాటాక వేపచెట్టు నీడలో మూడు కాళ్ల స్టాండు, దాని మీద కెమెరా, పక్కన కానిస్టేబుల్. లారీ డ్రైవర్ ఎవరో మనకు తెలియదు, మనం ఎవరో ఆయనకు తెలియదు. అయినా 1,035 రూపాయల చలానా తప్పించి తన దారిన పోతాడు.

ఆ లారీ చేసే పని ఒక చిన్న పెట్టె చేసిపెడుతుందని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. రాడార్ డిటెక్టర్ దాని పేరు. పోలీసుల రాడార్ వదిలే రేడియో తరంగాన్ని పసిగట్టి ముందే కుయ్యిమంటుంది. అమెరికా నుంచి వచ్చే బావగారితో తెప్పించుకుంటే ఎలా ఉంటుందని అడిగేవాళ్లూ ఉన్నారు. కొనొద్దనే నేనంటాను. ఎందుకన్నది తెలియాలంటే ఈ దాగుడుమూతలు ఎక్కడ మొదలయ్యాయో చూడాలి.

1903లో బ్రిటన్ మోటార్ కార్ చట్టం తెచ్చి గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు మించకూడదంది. పోలీసులు రోడ్డు మీద కొంత దూరం కొలిచి గుర్తు పెట్టుకుని, అటొకరు ఇటొకరు పొదల చాటున స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేవారు. 1905లో కొందరు కార్ల యజమానులు లండన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టుకున్నది అచ్చంగా ఈ బాధ పడలేకే. సైకిళ్ల మీద మనుషుల్ని తిప్పి, పోలీసులు ఎక్కడ కాపు కాశారో సభ్యులకు చెప్పించేవారు. 1910లో కోర్టు ఒక కేసులో, పరిమితి దాటి వస్తున్నవాణ్ని ముందే హెచ్చరించి తప్పించడం పోలీసుల విధికి అడ్డు తగలడమేనని తీర్పిచ్చింది. సంఘం ఊరుకుంటుందా? మామూలుగా సైకిల్ మనిషి కారు మీద సంఘం బ్యాడ్జి చూసి సెల్యూట్ కొడతాడు. కొట్టలేదంటే మాత్రం సభ్యుడు బండి ఆపి, ఎందుకు కొట్టలేదని అడగాలి. సెల్యూట్ కొట్టనందుకు ఎవరి మీదా కేసు పెట్టలేరు కదా! ఈ సెల్యూట్ 1960ల మొదటి దాకా నడిచింది.

అంటే రాడార్ పుట్టకముందే డిటెక్టర్ పుట్టింది. స్పీడు దాటామన్న బాధకన్నా, చాటున దాక్కుని పట్టుకున్నారన్న ఉక్రోషమే దాన్ని పుట్టించింది. ఆ ఉక్రోషం ఇప్పటికీ అలాగే ఉంది.

మనవైపు కదిలొచ్చే దాన్నించి వచ్చే తరంగం తీరు మారుతుందని శాస్త్రవేత్త డాప్లర్ 1842లోనే చెప్పాడు. ఎంత మారిందో చూస్తే వేగం తెలిసిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ సూత్రం రోడ్డెక్కింది. 1947లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, గ్లాస్టన్‌బరీ దగ్గర పోలీసులు రాడార్‌తో బండ్ల వేగం కొలవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పాతికేళ్లకుపైగా పెద్ద గొడవేమీ లేదు. 1973లో చమురు కొరత వచ్చింది. పెట్రోలు పొదుపు కోసం 1974 జనవరి 2న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో దేశమంతటా గంటకు 55 మైళ్ల పరిమితి వచ్చిపడింది. 70 మైళ్ల వేగానికి కట్టిన విశాలమైన హైవేల మీద 88 కిలోమీటర్లు దాటకుండా నడపమంటే ఎవరికి ఓపిక? పెట్రోలు కోసం పెట్టిన పరిమితి చలానాల కోసం మిగిలిందని జనం అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఒహాయోలోని డేటన్‌కు చెందిన డేల్ స్మిత్ చేసిన ఫజ్‌బస్టర్ అనే రాడార్ డిటెక్టర్ వేలంవెర్రిగా అమ్ముడుపోయింది. పోలీసులను ఎగతాళిగా పిలిచే ‘ఫజ్’ అన్న మాట ఆ పేరులోనే ఉంది.

ఆ పెట్టె అప్పట్లో ఎందుకు పనిచేసిందో అర్థం చేసుకోవడం తేలిక. చీకట్లో టార్చిలైటు వేసి వెతికేవాడికి మనం కనబడాలంటే ఆ వెలుగు మన దాకా వచ్చి, తిరిగి వాడి కంట్లో పడాలి. మనకు వాడి టార్చి కనబడటానికి ఇటు వచ్చిన వెలుగు చాలు. అందుకే వాడు మనల్ని చూసేలోపు మనమే వాణ్ని చూస్తాం. ఆ రోజుల్లో పోలీసులు రాడార్‌ని ఆపకుండా వెలిగించి ఉంచేవారు. ఇక డిటెక్టర్‌కి పండగే.

1978లో సిన్సినాటి మైక్రోవేవ్ కంపెనీ వాళ్ల ఎస్కార్ట్ అనే డిటెక్టర్ వచ్చి ఫజ్‌బస్టర్‌ని పాతబడేట్టు చేసింది. మరుసటి ఏడు మయామీలో ఓ టీవీ చానెల్ కెమెరా ముందు రాడార్ గన్ పట్టి చూపిస్తే ఒక తాటిజాతి చెట్టు గంటకు 86 మైళ్ల వేగంతో, ఒక ఇల్లు 28 మైళ్ల వేగంతో పోతున్నట్టు తేలింది. అక్కడి జడ్జి రాడార్ సాక్ష్యాన్ని నమ్మలేమన్నారు. డిటెక్టర్ కొన్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

పోలీసులూ నేర్చుకున్నారు. గన్ ఆపి ఉంచి, బండి దగ్గరికొచ్చాక మీట నొక్కడం మొదలుపెట్టారు. పైగా కొత్త డిటెక్టర్లలోని రిసీవర్ తన వంతుగా కొంత తరంగాన్ని బయటికి వదులుతుంది. దాన్ని పట్టే యంత్రం, అంటే డిటెక్టర్‌ని పట్టే డిటెక్టర్, పోలీసుల చేతికొచ్చింది. అది బాగా అక్కరకొచ్చింది వర్జీనియాలో, ఎందుకంటే అక్కడ కారులో డిటెక్టర్ వాడటమే నేరం. పక్కనున్న వాషింగ్టన్ డీసీలోనూ అంతే. పెద్ద లారీలకు, బస్సులకు 1994 నుంచి దేశమంతటా నిషేధం. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో చుట్టాలింటికి కారులో బయల్దేరే మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే: న్యూజెర్సీలో అద్దానికి అంటించుకున్న పెట్టె వర్జీనియా సరిహద్దు దాటగానే కేసవుతుంది. అక్కడ పరిమితికి 20 మైళ్లు మించినా, మొత్తంగా 85 దాటినా రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే క్రిమినల్ కేసే. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

బ్రిటన్ కోర్టు మాత్రం 1998లో, రాడార్ తరంగంలో సందేశమేదీ లేదు కాబట్టి దాన్ని పసిగట్టడం ఒకరి సందేశాన్ని దొంగతనంగా వినడం కాదంది. జర్మనీ, ఫ్రాన్స్ మాత్రం డిటెక్టర్ వాడకాన్ని ఒప్పుకోవు.

ఈ వాదాలన్నింటినీ ఒక పక్కకు నెట్టేసింది, రేడియో తరంగం బదులు కాంతితో వేగం కొలిచే లేజర్ గన్. రాడార్ కిరణం 300 మీటర్లు వెళ్లేసరికి రోడ్డంతా పరుచుకుంటుంది. లేజర్ కిరణం అంత దూరంలోనూ మీటరు వెడల్పే, ఒక్క కారు ముందు భాగానికి సరిపోయేంత. కొలవడానికి అర సెకను కూడా పట్టదు. డిటెక్టర్ కుయ్యిమందంటే మీ స్పీడు అప్పటికే స్క్రీను మీద పడిపోయినట్టు. ఇక బ్రేకు తొక్కి లాభం లేదు. మన రోడ్ల పక్కన స్టాండు మీద పెట్టేవి ఎక్కువగా ఈ లేజర్ గన్లే. మరి ఆ పెట్టె ఇక్కడ దేనికి మోగుతుంది? షాపింగ్ మాల్ తలుపు దానంతటదే తెరుచుకుంటే మోగుతుంది. పక్క కారులో బ్లైండ్ స్పాట్ సెన్సర్ ఉంటే మోగుతుంది. రెండూ పోలీసు రాడార్ వాడే 24 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే పనిచేస్తాయి మరి.

ఇక స్తంభాల మీది కెమెరాల సంగతి. వీటికి మూలపురుషుడు ఒక రేసు డ్రైవర్ కావడం నాకు భలే నచ్చుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన మారిస్ గాట్సోనీడెస్ 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. మలుపులో ఇంకా వేగంగా ఎలా పోవచ్చో తెలుసుకోవడానికి ఒక పరికరం తయారుచేసుకున్నాడు. 1958లో గాట్సోమీటర్ కంపెనీ పెట్టాడు. చివరికి అదే అందరి స్పీడూ తగ్గించేదైంది. బ్రిటన్‌లో 1992లో లండన్ దగ్గరి ట్వికెన్‌హామ్ వంతెన మీద మొదటి కెమెరా పెట్టారు.

స్తంభం కదలదు. కదలనిదాన్ని కనిపెట్టడానికి రేడియో ఎందుకు, మ్యాపు చాలు. 2019లో గూగుల్ మ్యాప్స్ ఇండియాతో సహా 40కి పైగా దేశాల్లో స్పీడ్ కెమెరాలను చూపించడం మొదలుపెట్టింది. ఆ పని ఫోన్ ఉచితంగా చేస్తోంది. మన ప్రభుత్వమే 2021 ఆగస్టులో తెచ్చిన 167ఎ నిబంధన ప్రకారం కెమెరాలున్న చోట ముందుగా బోర్డు పెట్టి చెప్పాలి, పరికరానికి ఏటా కొత్తగా సర్టిఫికెట్ తీసుకోవాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి. చెట్టు చాటున పట్టుకున్నారన్న పాత ఫిర్యాదుకు కాగితం మీద ఇంతకన్నా సూటి జవాబు లేదు. నన్నడిగితే, డిటెక్టర్‌కి పెట్టే డబ్బు, ఓపిక ఈ మూడూ జరుగుతున్నాయా అని అడగడానికి పెడితే నయం. అలాగని కెమెరాలు వసూళ్ల కోసమేనని కొట్టిపారేయలేం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 71.2 శాతం మంది అతివేగం వల్లే పోయారని కేంద్రం లెక్క.

ఇప్పుడు ఆట మళ్లీ స్టాప్‌వాచ్ దగ్గరికే వచ్చింది. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు కెమెరాల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం కడుతున్నారు. 1903లో పొదల చాటున కూర్చున్న ఇద్దరు పోలీసుల లెక్క కూడా ఇదే. కెమెరాల మధ్య 10 కిలోమీటర్లుండి, లిమిట్ 100 అయితే 6 నిమిషాలు పట్టాలి. 5 నిమిషాల్లో చేరారంటే సగటున 120లో వచ్చినట్టు. లారీ లైటు కొట్టినా, పెట్టె మోగినా, రెండో కెమెరా ముందు బ్రేకు తొక్కినా ఆ లెక్క మారదు. మారాలంటే సంపాదించుకున్న ఆ ఒక్క నిమిషాన్నీ రోడ్డు పక్కన బండి ఆపుకుని పోగొట్టుకోవాలి.