"ఎంతమంది ఇన్నరు కొడుకా?" - ఆడియో డౌన్‌లోడ్ లెక్క ఎక్కడ తప్పింది

దేవరకొండ దిక్కు ఊర్లల్ల అవ్వలు పాడే బతుకమ్మ పాటలు ఫోన్ల రికార్డు చేసి ఒక చిన్న వెబ్‌సైట్ల పెడుతుంటం మేము. పాడిన అవ్వ దగ్గరికి మళ్ళ పోయినప్పుడల్ల ఆమె అడిగేది ఒక్కటే, "ఎంతమంది ఇన్నరు కొడుకా?" అని. పేజీ మీద పాట పక్కన కనపడే నంబరే చెప్పేటోళ్ళం, ఆమె మొఖం వెలిగిపోయేది. తర్వాత ఒకరోజు సర్వర్ లాగ్ తీసి ఒక్కో లైన్ చదివితే ఆ నంబర్ల చానా మటుకు మనుషులే కారని తెలిసింది. ఆ తప్పు మా ఒక్కరిది కాదు, దాని వెనక పెద్ద కథనే ఉన్నది.

వెబ్ సర్వర్ అనేది మొదటి నుంచి వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌ను ఒక లైన్‌గా రాసిపెడతది, ఏ ఐపీ (నెట్ల ఫోన్‌కో కంప్యూటర్‌కో ఉండే అడ్రస్), ఏ టైం, ఏ ఫైల్, ఏ కోడ్ (సర్వర్ ఇచ్చిన జవాబు నంబర్), ఎన్ని బైట్లు అని. ఆ రాతనే లాగ్ అంటరు. 1990ల మొదట్ల అమెరికాల ఎన్‌సీఎస్‌ఏ అనే పరిశోధన సంస్థ సర్వర్‌తోటి వచ్చిన ఆ పద్ధతి అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ల ఇప్పటికీ నడుస్తున్నది. కానీ లాగ్ చదువుడు అందరితోని కాదు కదా, పేజీ మీద నంబర్ కనపడాలె, అందుకే కౌంటర్లు వచ్చినయి. రాస్మస్ లెర్‌డోర్ఫ్ అనే ప్రోగ్రామర్ తన ఆన్‌లైన్ రెజ్యూమేను ఎవరు చూస్తున్నరో తెల్సుకుందామని రాసుకున్న చిన్న టూల్సే 1995ల పీహెచ్‌పీగ బయటికొచ్చినయి, వెబ్‌సైట్లు నడిపే కోడ్ రాసే భాష అది, అంటే ఆ భాష పుట్టిందే లెక్కపెట్టడానికి. ఎంపీత్రీ ఫైళ్ళకు ఆ పేరు ఖాయమైంది కూడా అదే ఏడు జులైలనే.

ఇక అక్కడి నుంచి అందరం చేసింది ఒకటే పని. లింక్ పాట ఫైల్‌కు కాకుండ ఒక స్క్రిప్ట్‌కు, అంటే సర్వర్ల నడిచే చిన్న ప్రోగ్రాంకు, ఇచ్చుడు, స్క్రిప్ట్ నంబర్‌కు ఒకటి కలిపి, రీడ్‌ఫైల్ అనే ఫంక్షన్‌తోటి పాటను పంపుడు. చూడనీకి సులువే గానీ నంబర్ టెక్స్ట్ ఫైల్ల ఉండి, తాళం వెయ్యకపోతే ఇద్దరు ఒకేసారి నొక్కినప్పుడు ఒకరి లెక్క పోతది. వచ్చినోళ్ళను గుర్తుపెట్టుకునే సెషన్‌ను స్క్రిప్ట్ల మొదలుపెట్టి మూయకపోతే పాట దిగేదాంక అదే మనిషికి మిగతా పేజీలు తెరుచుకోవు. ఇంకా ఘోరం, ఫైల్ పేరు లింక్‌ల ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే ఎవడో పాస్‌వర్డ్‌లున్న ఫైలే అడిగి తీసుకపోతడు.

మాకు అసలు దెబ్బ తగిలింది మాత్రం ఇంకోకాడ. మా పాత స్క్రిప్ట్‌తోటి ఐఫోన్ల పాట మోగకపోయేది, ముందుకు జరిపితే జరగకపోయేది. ఎందుకంటే బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ 1.1, 1997 జనవరిల వచ్చింది, దాని ప్రకారం బ్రౌజర్ ఫైల్‌ను ముక్కలుగ అడగొచ్చు, సర్వర్ 206 అనే కోడ్‌తోటి ఆ ముక్క ఒక్కటే ఇయ్యొచ్చు, మాది అది చెయ్యకపోయేది. సరే అని ముక్కలిచ్చే కోడ్ పెట్టినం, పాట మోగింది, కౌంటర్ కూడా ఉరుకుడు మొదలుపెట్టింది, మేము సంబురపడ్డం. లాగ్ల చూస్తే ఒకే ఐపీ, ఒకే నిమిషం. మొదటి లైన్ల బైట్స్ 0-1, అంటే రెండే రెండు బైట్లు, సర్వర్ ముక్కలిస్తదా లేదా అని ఐఫోన్ చూసుకునుడు అన్నట్టు. దాని కింద మొత్తం పాట అడుగుడు, దాని కింద ఎవరో చరణం దాటి ముందుకు జరిపింది, మళ్ళ ఎనుకకు జరిపింది. అన్నిటికీ 206. విన్నది ఒక్క మనిషి, మేము అవ్వకు చెప్పింది నలుగురని. వీటి మీంగ గూగుల్ బాట్ అసొంటివి, అంటే మనుషులు లేకుండ వాటంతటవే పేజీలు తిరిగే ప్రోగ్రాంలు, వేరే.

మరి సైట్‌కు ఎంతమంది వచ్చిండ్రో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ పెట్టుకోవచ్చు కదా అంటరు, 2005 నవంబర్ల వచ్చిన అది జావాస్క్రిప్ట్ (బ్రౌజర్ల నడిచే కోడ్) మీద నడుస్తది, పేజీ తెరిస్తెనే దానికి తెలుస్తది. అదే ఏడు జూన్ల ఐట్యూన్స్‌లకు పాడ్‌కాస్ట్‌లు వచ్చినయి, యాప్ నేరుగ ఫైల్ తీసుకుంటది, పేజీ ముచ్చటే లేదు. సర్వర్‌కు తప్ప ఎవరికీ తెల్వదు. ఒక్కొక్కరు ఒక్కో తీరు లెక్కపెట్టుడుతోటి గందరగోళమై, ఆన్‌లైన్ ప్రకటనల రంగానికి టెక్నికల్ రూల్స్ పెట్టే ఐఏబీ టెక్ ల్యాబ్ వాళ్ళు 2017 డిసెంబర్ల పాడ్‌కాస్ట్ లెక్కల రూల్స్ రెండో వెర్షన్ ఇచ్చిండ్రు. ఒక ఐపీ, ఒక యూజర్ ఏజెంట్ (ఏ యాప్, ఏ ఫోన్ అని చెప్పే పేరు) నుంచి ఒకే ఫైల్‌ను 24 గంటల్ల ఎన్నిసార్లు అడిగినా ఒక్కటే, కనీసం ఒక నిమిషం మోగేటంత దిగాలె, బాట్లను తీసెయ్యాలె.

ఆ రూల్ మంచిదే, కానీ మా నల్లగొండల పెట్టి చూస్తే ఉల్టా తప్పయితది. జియో 2016 సెప్టెంబర్ల వచ్చినంక ఊరూరా నెట్ వచ్చింది, మా హోస్టింగ్ల (సైట్ ఉండే సర్వర్ల) ఐపీవీ6 అనే కొత్త తీరు ఐపీ అడ్రస్‌లు లేకుండె, అట్లాంటప్పుడు చానామంది ఒకే ఐపీ ఎనుక నుంచి వస్తరు. ఒకే మోడల్ ఫోన్ వాడే ఇద్దరు అక్కచెల్లెండ్లు ఒక్క మనిషిలెక్కన కనపడొచ్చు. ఒకరు డౌన్‌లోడ్ చేసి ఊరి వాట్సాప్ గ్రూప్ల ఏస్తే అది ఏ సర్వర్‌కూ ఎక్కదు.

ఇప్పుడైతే స్క్రిప్ట్ లెక్క మాత్రమే రాస్తది, పాట పంపే పని ఎక్స్-సెండ్‌ఫైల్ అనే సూచనతోటి సర్వర్‌కే అప్పజెప్పినం, ముక్కల సంగతి అదే చూసుకుంటది. ఒక్కో రిక్వెస్ట్ ఒక వరుసగ డేటాబేస్ల పడుతది, వడపోత తర్వాత చేసుకుంటం, రూల్ మారితే మళ్ళ లెక్కపెట్టొచ్చు. పాత కౌంటర్ల మటుకు మొత్తం నంబర్ ఒక్కటే ఉండె, లాగ్‌లు హోస్టింగ్ వాళ్ళు ఎప్పుడో తుడిచేసిండ్రు. అవ్వ మొదట పాడిన రెండు పాటల అసలు లెక్క ఇంక దొరకదు, పోయిన బతుకమ్మకు పోయినప్పుడు ఆమెకు ఆ ముచ్చట చెప్పే వచ్చినం.