ముత్యంలో ఎన్ని రేకులు?

మొన్న ఆదివారం మా మేనకోడలు హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ముత్యాల కొట్టు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి ఈ నెలాఖరున రిటైరవుతోంది. ఉద్యోగంలో చేరిన ఏడాదిలో దాచుకున్న డబ్బుతో అమ్మకి ముత్యాల దండ కొనాలని పిల్ల ముచ్చట.

"మావయ్యా, రెండు దండలు ముందు పెట్టారు. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి సముద్రం ముత్యమట, ఇంకోటి మంచినీటి ముత్యమట. ఆ సముద్రం దండ ఒక్కదాని ఖరీదుకి ఈ మంచినీటివి నాలుగైదు వస్తాయి. ఏది తీసుకోమంటావ్?"

"ఏ నీళ్ళన్నది తర్వాత చూద్దాం తల్లీ. ముందు బెజ్జం దగ్గర చూడు" అన్నాను. కొట్లో రద్దీ, దానికేమో తొందర. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, పెళ్ళిళ్ళ రోజుల్లో మరీను.

ఆత్రేయపురం పూతరేకు ఎలా పుడుతుందో చూసే ఉంటారు. బోర్లించిన కుండ, కింద సన్నటి సెగ. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తారు. కళ్ళు మూసి తెరిచేలోగా రేకు తయారు. తీసి వెలుతురుకి పెడితే వేళ్ళు కనిపిస్తాయి. అలాంటి రేకులు ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి మడిస్తారు. ముత్యం అచ్చం ఇదే పద్ధతి. ఇక్కడ రేకు పిండిది కాదు, అరగోనైట్‌ది. అరగోనైట్ అంటే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాల్లో ఒక రకం. రేకుకీ రేకుకీ మధ్య నెయ్యి బదులు కాంకియోలిన్ అనే ప్రోటీన్ జిగురు. ఒక్కో రేకు మందం మైక్రాన్‌లో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు.

ముత్యం మెరుపంతా ఈ మందంలోనే ఉంది. మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. రేకు మందమూ ఆ కొలతలోనే ఉంది. వెలుతురు ముత్యం మీద పడినప్పుడు కొంత పై రేకు నుంచే వెనక్కొస్తుంది, కొంత దాని కింది రేకు దాకా వెళ్ళి తిరిగొస్తుంది, కొంత ఆ కింది రేకు దాకా. ఇలా తిరిగొచ్చిన తరంగాలన్నీ అడుగులో అడుగు వేస్తే ఆ రంగు బలపడుతుంది, తప్పితే చచ్చిపోతుంది. సబ్బు బుడగ మీద రంగులు ఆడేది ఇందువల్లే.

కొంచెం లెక్క చూద్దాం, భయపడకండి. అరగోనైట్ వక్రీభవన గుణకం, అంటే అందులో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె, సుమారు 1.6. రేకు మందం 0.4 మైక్రాన్లు అనుకుంటే, నిలువుగా పడిన కాంతికి ఒక రేకు రానూపోనూ దారి 2 × 1.6 × 0.4, అంటే 1.28 మైక్రాన్లు. ఈ దారిలో ఏ రంగు తరంగాలు సరిగ్గా రెండో మూడో పూర్తిగా పడతాయో ఆ రంగు బలపడుతుంది. దీన్ని 2తో భాగిస్తే 0.64 వస్తుంది, అది ఎరుపు. 3తో భాగిస్తే 0.43, అది ఊదా. ఆ రెండు రంగులే బలపడతాయి. ఇప్పుడు రేకుని 0.35కి తగ్గించండి. దారి 1.12 అవుతుంది, 2తో భాగిస్తే 0.56, అంటే పచ్చ. రేకు మందంలో మైక్రాన్‌లో ఇరవయ్యో వంతు తేడా వస్తే ఎరుపు కాస్తా పచ్చయింది! రేకులన్నీ ఒకే మందంలో ఉంటే ముత్యం తిప్పినప్పుడల్లా తెలుపు లోపల నుంచి గులాబీ, పచ్చ ఛాయలు లేచి ఆడతాయి. ఒకటి పల్చన, ఒకటి దళసరి అయితే రంగులన్నీ కలగాపులగమై పాల తెలుపు ఒక్కటే మిగులుతుంది.

జపాన్‌లో అకోయా అనే చిన్న సముద్రపు ఆల్చిప్పలో పండే ముత్యాలని చలికాలంలో తీస్తారు. నీళ్ళు చల్లబడితే ఆల్చిప్ప నెమ్మదిస్తుంది, రేకులు పల్చగా, సమంగా పడతాయి. చెయ్యి తిరిగిన మనిషి జావ పల్చన చేసి ఓపిగ్గా తీసిన ఆఖరి వాయి లాంటివి అవి. మంచినీటి ఆల్చిప్పలు వెచ్చటి చెరువుల్లో పెరుగుతాయి, వాటి రేకులు సాధారణంగా కాస్త దళసరి, కాస్త ఎగుడుదిగుడు. మంచి అకోయా ముత్యంలో కిటికీ ఊచలు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. మామూలు మంచినీటి ముత్యంలో కిటికీ ఒక తెల్లటి మసకగా కనిపిస్తుంది. సముద్రపు ముత్యం ఎక్కువ మెరుస్తుందన్న మాటకి ఆధారం ఇదీ.

ఇక బెజ్జం సంగతి.

1893లో జపాన్‌లో మికిమోతో కోకిచి ఆల్చిప్పలో అర్ధగోళం ముత్యాలు పండించాడు. గుండ్రటి ముత్యం పండించే కిటుకు ఆ తర్వాత నిషికావా, మిసే అనే ఇద్దరి పనితో స్థిరపడింది. ఆల్చిప్ప లోపలి కండలో ఒక గోళీ పెట్టి, దాని పక్కనే ఇంకో ఆల్చిప్ప మాంటిల్ పొర, అంటే చిప్ప లోపలి వైపు రేకులు పరిచే పల్చటి చర్మం, ముక్క చిన్నది అంటించాలి. ఆ ముక్కలోని కణాలు గోళీ చుట్టూ సంచిలా పెరిగి రేకులు పరుస్తాయి. ఆ గోళీ దేనితో చేస్తారో తెలుసా? అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతపు మంచినీటి ఆల్చిప్పల పెంకుతో. అంటే కొట్టువాడు గర్వంగా చూపించే సముద్రపు ముత్యం కడుపులో ఉన్నది ఏటి గుల్ల.

ఎంత ఉంది? 7 మిల్లీమీటర్ల అకోయా ముత్యం మీద రేకులన్నీ కలిసిన పొర 0.4 మిల్లీమీటర్లు ఉందనుకోండి. లోపలి గోళీ 6.2 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం లెక్క వేస్తే దాదాపు 70 శాతం గోళీ, 30 శాతమే ముత్యం. రేకుల లెక్కలో వెయ్యి. పూతరేకని పేరు పెట్టి లోపల పెద్ద బెల్లం ఉండ దాచి, పైన నాలుగు పొరలు చుట్టినట్టు.

మంచినీటి ముత్యం దగ్గర గోళీ పెట్టరు. చైనాలో పెంచే హైరియోప్సిస్ కుమింగీ అనే పెద్ద ఆల్చిప్ప రెండు చిప్పల లోపలా మాంటిల్ పొర ముక్కలు మాత్రమే అంటిస్తారు, ఒక్కో ఆల్చిప్పలో ఇరవై ముప్పై ముత్యాలు ఒకేసారి పండుతాయి. ఇది చవక కావడానికి కారణం ఈ పంటే, నాసి రకమని కాదు. అదే 7 మిల్లీమీటర్ల ముత్యం నడిబొడ్డు నుంచి పైదాకా రేకులే. మూడున్నర మిల్లీమీటర్లలో సుమారు 8,750 రేకులు! గోళీ లేదు కనకనే అది నిండు గుండ్రంగా రావడం అరుదు. బియ్యపు గింజలా, బంగాళాదుంపలా, బటన్‌లా వస్తుంది. ఈ మధ్య మంచినీటి ఆల్చిప్పలోనూ గోళీ పెట్టి ఎడిసన్ ముత్యాలని పెద్దపెద్దవి పండిస్తున్నారు, అవి ఈ లెక్కలోకి రావు. సముద్రంలోనూ దక్షిణ సముద్రపు ముత్యాల కథ, అంటే ఆస్ట్రేలియా, ఇండోనేషియా వైపు పెద్ద ఆల్చిప్పల్లో పండేవాటి కథ, వేరు. 12 మిల్లీమీటర్ల ముత్యం మీద పొర 2 మిల్లీమీటర్లు ఉంటే 70 శాతం ముత్యమే, గోళీ 30 శాతమే. అకోయా లెక్క తిరగబడింది చూడండి.

కాంతి తిరిగొచ్చేది ఎక్కువగా పైనున్న రేకుల నుంచే. వాటి కింద ఇంకా వెయ్యి ఉన్నాయా ఎనిమిది వేలు ఉన్నాయా అన్నది కంటికి తెలీదు, మెడకి తెలుస్తుంది. మన ఎండల్లో చెమట, సెంటు, జుట్టుకి కొట్టుకునే స్ప్రే రోజూ ఒక్కో రేకుని కొరుకుతుంటాయి. ఎనిమిది వేల రేకుల ముత్యం పది రేకులు పోయినా ముత్యమే. పల్చటి అకోయా పొర బెజ్జం దగ్గర మొదట పెచ్చులూడుతుంది, లోపలి గోళీ బయటపడుతుంది. అలా ఊడిన దండ ఒకటి మా ఇంట్లోనే ఉంది. భూతద్దంలో చూస్తే బెజ్జం చుట్టూ గోరు అంచంత మెరుపు పొర, దాని కింద సుద్దముక్కలా పొడిబారిన గోళీ. పక్కన పగిలిన మంచినీటి ముత్యం ఒకటి పెట్టి చూస్తే అందులో ఉల్లిపాయ కోసినట్టు వలయం లోపల వలయం.

ఈ లెక్క చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "మరి ఇసుక రేణువు లోపలికి వెళ్తేనే ముత్యం పుడుతుందంటారే?" అంటారు. నేను కూడా పంతులుగా చేరిన కొత్తలో పిల్లలకి ఇసుక కథే చెప్పాను, అది నాకిప్పటికీ బాధే. ఆల్చిప్ప పుట్టిందగ్గర్నుంచీ ఇసుకలో, బురదలో ఉంటుంది. లోపలికి వచ్చిన రేణువుని ఉమ్మేయడం దానికి బాగా తెలుసు. పురుగు తొలిచో గాయమయ్యో మాంటిల్ కణాలు కొన్ని చోటు తప్పి కండలోకి దిగితే, అవే సంచి కట్టుకుని రేకులు పరుస్తాయి. మంచినీటి సాగులో ఇసుకా లేదు, గోళీ లేదు, కణాల ముక్క ఒక్కటే ఉంది. ముత్యం అయింది కదా! ఇంతకన్నా రుజువేం కావాలి? స్వాతి చినుకు సంగతీ అంతే. అందమైన ఊహ, కానీ సముద్రం అడుగున చిప్పలోకి చినుకు వచ్చే దారే లేదు. చంద్రుడికి శాంతి అని వేలికి ముత్యం పెట్టుకునేవాళ్ళు "సముద్రందే పనిచేస్తుంది" అని మూడింతలు పోస్తారు. మనశ్శాంతి కోసం అయితే ఆ డబ్బు పిల్లల ఫీజుకి కట్టండి. రెండు ముత్యాలూ కాల్షియం కార్బొనేటే. కాకినాడ తీరంలో గుల్లలు కాల్చి తీసిన సున్నం కూడా అదే పదార్థం నుంచి వచ్చింది.

తేడా కనిపెట్టే సాధనం మాత్రం ఉంది. మంచినీటిలో మాంగనీస్ ఎక్కువ, అది రేకుల్లోకి చేరుతుంది. ప్రయోగశాలలో ఎక్స్‌రే పడగానే మంచినీటి ముత్యం పసుపుపచ్చగా వెలుగుతుంది, సముద్రపు పొర వెలగదు. అకోయా లోపల మిసిసిపీ గోళీ ఉంది కనక ఒక్కోసారి అడుగు నుంచి కాస్త వెలుగు వస్తుంది. పొర ఎంత పల్చనో అక్కడే తెలిసిపోతుంది.

బస్రా ముత్యాల మాట లేకుండా హైదరాబాద్ ముత్యాల మాట పూర్తి కాదు. పేరు ఇరాక్‌లోని బస్రా రేవుది, పుట్టింది గల్ఫ్ సముద్రంలో. గోళీ లేదు, సాగు లేదు, మనుషులు ఊపిరి బిగబట్టి మునిగి తెచ్చినవి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్న నిజాం నగల్లోని ఏడు పేటల సత్లడా వాటితో కట్టిందే. 1930ల్లో జపాన్ సాగు ముత్యాలు, ఆర్థికమాంద్యం, ఆ వెనకే చమురు వచ్చి ఆ వేటని తుడిచేశాయి. ఇవాళ చార్మినార్ చుట్టూ అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలే. మన దగ్గర బెజ్జం వేసి, ఏరి, జత కలిపి దండ కడతారు.

కాబట్టి అమ్మకి రోజూ మెళ్ళో వేసుకునే దండ అయితే మంచినీటిదే కొనండి, ఉన్నవాటిలో గుండ్రటివి, మెరుపున్నవి ఏరుకుని. ఏడాదికి నాలుగు శుభకార్యాలకి పట్టుచీర మీదకి, అద్దంలా మెరవాలంటే అకోయా, కానీ పొర మందం అడిగి, చూసి. ఒక్క ముత్యం లాకెట్ చాలనుకుంటే, చేతిలో డబ్బు ఉంటే, దక్షిణ సముద్రపు ముత్యం. పల్చటి పొర అకోయా మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. మంచి మంచినీటి దండ దానికన్నా అన్ని విధాలా మేలు.

పొర చూడ్డానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. దండని దీపానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా దొర్లించాలి. పొర పల్చనైతే గోళీ చారలు లోపల నుంచి వెలుగూ నీడగా మినుకుమంటాయి. తర్వాత బెజ్జం అంచు చూడాలి, అక్కడ గోళీకీ పొరకీ మధ్య గీత ఉంటుంది. పంటితో రుద్దితే గరగరలాడితే నిజమైన ముత్యమని తెలుస్తుంది, సముద్రమా మంచినీరా అన్నది తెలీదు. అగ్గిపుల్ల వెలిగించి చూపించే కొట్లో కొనకండి, ఆ వేడికి జిగురు ఎండి రేకులు చిట్లుతాయి. ఇంటికి తెచ్చాక ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో, నిమ్మచెక్కతో తోమితే కాల్షియం కార్బొనేట్ బుసబుసమని కరిగిపోతుంది. తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

మా పిల్ల సెల్‌ఫోన్ టార్చి వెలిగించి రెండు దండలూ దొర్లించింది. సముద్రపు దండలో పదో పన్నెండో ముత్యాలు మినుకుమన్నాయట, బెజ్జం దగ్గర పొర "కాగితమంత" అంది. మంచినీటి దండలో ముత్యాలు కొంచెం బటన్‌లా ఉన్నాయని వెనకాడింది కానీ, లేత గులాబీ రంగువి ఇంకో ట్రేలో కనిపించాక అవే తీసుకుంది. నైలాన్ దారం తీయించి పట్టుదారంతో, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయించమన్నాను. తెగితే ఒక్కటే రాలుతుంది, ఒకదానికొకటి ఒరుసుకుని రేకులు అరగవు. ముడులు వేయడానికి మూడు రోజులు పడుతుందన్నారట. బుధవారం వెళ్ళి తెచ్చుకుంటుంది.