రాడాన్ రీడింగ్ 3.9 వస్తే గండం గడిచినట్టేనా?

రాడాన్ అంటే నేలలోంచి ఇళ్లలోకి చేరే రేడియోధార్మిక వాయువు, పీలిస్తే ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు. ఇళ్లలో దాన్ని కొలవడం నా పని. ఒకే రోజు రెండు ఫోన్లు. మొదటాయన రీడింగ్ 3.9. "నాలుగు లోపే కదండీ, ఇక గొడవ లేదు" అన్నారు హుషారుగా. రెండో ఆవిడది 4.1. "పిల్లల్ని తీసుకుని ఇల్లు ఖాళీ చేసేయాలా?" అంటూ ఏడుస్తున్నారు. కొలవడానికి నేను పెట్టే, రాడాన్‌ను పీల్చుకునే బొగ్గు డబ్బాకు ఆ రెండు అంకెలూ ఒకటే. గాలివాటం మారితే చాలు, అటూ ఇటూ అయిపోతాయి.

అపోహ: 4 దాటకపోతే రిస్క్ లేదు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం మిగతావన్నీ కలిసినా చేయలేదు. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (ఘనపు మీటరుకు 148 బెక్వెరెల్‌లు; రెండూ రేడియోధార్మికత కొలతలే) అనేది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1986లో ప్రజలకు చెప్పిన చర్య స్థాయి, అంటే ఇది దాటితే ఇంటికి మరమ్మతు చేయించుకోమనే గీత. అప్పటి పద్ధతులతో చాలా ఇళ్లలో రాడాన్‌ను ఎంతవరకు దించగలరో చూసుకుని గీసిన గీత అది. ఊపిరితిత్తులను అడిగి గీసింది కాదు. 2కీ 4కీ మధ్య ఉన్నా తగ్గించుకునే ఆలోచన చేయమని ఆ ఈపీఏనే చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో 100 బెక్వెరెల్‌లు అంది, అది కుదరని చోట 300 మించొద్దంది. యూరప్ ఇళ్ల అధ్యయనాలన్నీ కలిపి 2005లో లెక్క తీస్తే, ప్రతి 100 బెక్వెరెల్‌లకూ ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరిగింది. ఇంతలోపు ఏమీ కాదనే మెట్టు ఎక్కడా కనబడలేదు. పొగతాగేవాళ్లకైతే ఆ పెరుగుదల అసలే ఎక్కువున్న ముప్పు మీద పడుతుంది.

అపోహ: ఇది గనుల్లో పనిచేసేవాళ్ల గొడవ.

వాస్తవం: మొదట అలాగే అనుకున్నారు. జర్మనీలోని ష్నీబెర్గ్ గని కార్మికుల జబ్బు ఊపిరితిత్తుల కేన్సరేనని 1879లోనే తేలింది. ఇళ్ల మీదికి అందరి దృష్టి మళ్లింది మాత్రం 1984లో. పెన్సిల్వేనియాలో ఒక ఇంజినీరు అణువిద్యుత్ ప్లాంటు లోపలికి వెళ్తుంటేనే రేడియేషన్ అలారం మోగింది. చూస్తే ఆయన ఇంట్లో దాదాపు 2,700 పికోక్యూరీలు! ఆ తర్వాతే అమెరికాలో రాడాన్ చట్టం వచ్చింది, 1988లో.

పక్కింట్లో లేదు కాబట్టి మాకూ ఉండదు, కొత్త ఇల్లు కాబట్టి రాదు... ఇవి విని విని విసుగొచ్చింది. డబ్బా పెట్టి చూడండి, అంతే.

4.1 వచ్చిన ఆవిడకు ఖాళీ చేయక్కర్లేదన్నాను. రాడాన్‌ను బయటికి లాగేయడానికి నేల కింద నుంచి ఒక పైపు, దానికో ఫ్యాను. నెల తర్వాత కొలిస్తే 1.3. 3.9 ఆయన్ని బతిమాలి చలికాలంలో మూడు నెలల డిటెక్టర్ పెట్టించాను. 5.6 వచ్చింది. ఈసారి ఆయనకే టెన్షన్.